బావ ఫొటో ఉండాల్సిన చోట రొయ్య

అమలాపురంలో కూర్చుని నేను రెండు వెబ్‌సైట్లు నడుపుతాను. ఒకటి పెళ్ళి సంబంధాలది, రెండోది రొయ్యల ధరలది. రెండూ ఒకే సర్వర్లో ఉంటాయి. సర్వరంటే ఓ లాడ్జి అనుకోండి. గుమ్మంలో ప్రాక్సీ అనే గుమాస్తా ఉంటాడు. పెళ్ళి కోసం వచ్చినవాళ్ళని 8080 గదికీ, రొయ్యల కోసం వచ్చినవాళ్ళని 8081 గదికీ పంపుతాడు. ఆ గది నంబర్లనే పోర్టులంటారు. ఇన్నేళ్ళలో గుమాస్తా ఒక్క తప్పూ చేయలేదు. చేసినవన్నీ నేనే.

ఆ ఆదివారం ఉదయం రొయ్యల సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించి, సర్వర్‌ని ఓసారి ఆపి మళ్ళీ నడిపించి, పెసరట్టు తినడానికి వెళ్ళాను. రెండోది వడ్డిస్తుండగా మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. లెక్కల మాస్టారు, నలభైకి దగ్గరపడ్డాడు. పెళ్ళి కుదురుతుందని మురమళ్ళ గుళ్ళో దేవుడికి రెండుసార్లు కల్యాణం చేయించినా సంబంధం కుదరలేదు. ఇక మిగిలింది నా సైటే. మలికిపురం అవతల ఓ రొయ్యల రైతు ఆ రోజు పదకొండింటికి సైట్లో బావ వివరాలు చూసి, నచ్చితే సాయంత్రం పెళ్ళిచూపులకి రమ్మంటానన్నాడు.

"బావా, నా ఫొటో ఉండాల్సిన చోట రొయ్య ఉంది," అన్నాడు.

"ఎలాంటి రొయ్య?"

"ముప్పై కౌంటు, కిలోకి ముప్పై తూగేది. ఇప్పుడది కాదురా ముఖ్యం."

చేయి కడుక్కుని వచ్చి గుమాస్తా మీద పడ్డాను. ప్రాక్సీ సెట్టింగులు ప్రతి లైనూ చదివాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మూడుసార్లు ఆపి నడిపించాను. పెళ్ళి సైటు తెరిస్తే రొయ్యలు, రొయ్యల సైటు తెరిస్తే 502 అని ఎర్రరు. అంటే, గుమాస్తా పంపిన గదిలో పలికే నాథుడు లేడన్నమాట.

అంతలో రైతుగారే ఫోన్ చేశారు.

"ఏవండీ, అబ్బాయి వివరాలు తెరిచేనండి. రొయ్యల రేట్లొస్తున్నాయండి. పొరపాటాండి?"

ఔనంటే సరిపోయేది. "పొరపాటేంటండి. తమరు రొయ్యల రైతులని తెలిసి, గౌరవం కొద్దీ ముందు రేట్లు పెట్టించేడండి మా బావ. ఫొటో మధ్యాహ్నానికి పెడతాడండి. కాస్త సిగ్గరి."

"ఆయ్. అయితే చెరువుల సంగతి తెలిసిన కుర్రాడేనన్నమాట."

"చెరువు నీళ్ళు నాలిక మీద వేసుకుని ఉప్పెంతుందో చెప్పేస్తాడండి."

"అలాగైతే సాయంత్రం తీసుకొచ్చేయండి. చెరువు గట్టు మీదే మాట్లాడుకుందాం."

బావకి రొయ్య తింటే ఒళ్ళంతా దద్దుర్లు. ఆ సంగతి ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

ఇక గుమాస్తాని వదిలేసి, ఏ పోర్టులో ఎవరున్నారో జాబితా తీశాను. 8080లో రొయ్యలు తిష్ఠ వేసుకుని ఉన్నాయి. కొత్త వెర్షన్ నా సెట్టింగుల ఫైలుని పక్కకి నెట్టి తన ఫైలు పెట్టుకుంది. అందులో పోర్టు 8080. సర్వర్ లేవగానే రొయ్యలు ముందు వెళ్ళి ఆ గది పట్టేశాయి. పెళ్ళి సాఫ్ట్‌వేర్ వచ్చి, లోపల ఎవరో ఉన్నారని తెలిసి, ముసుగుతన్ని పడుకుంది. ఫైల్లో 8081 అని దిద్ది, రెంటినీ వరసగా నడిపించాను. బావ ఫొటో వచ్చింది. చూస్తే రొయ్యే నయం అనిపించింది.

సాయంత్రం గట్టు మీద రైతుగారు లోటాతో చెరువు నీళ్ళు తెప్పించారు. "రుచి చూసి చెప్పండి బాబూ," అన్నారు.

బావ నా వైపు చూశాడు. నేను కొబ్బరిచెట్ల వైపు చూశాను.

"నాకు చెరువుల సంగతి తెలియదండి. రొయ్య తింటే దద్దుర్లొస్తాయండి. లెక్కలు చెబుతానండి, అంతే," అన్నాడు.

రైతుగారు నా వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచేలోగా పెళ్ళికూతురే అందుకుంది. కాలేజీలో కంప్యూటర్లు చెబుతుందట. ఆ మాట నాకు ముందే తెలిస్తే గట్టు దాకా వచ్చేవాణ్ణి కాదు.

"ఈయన్ని అడక్కండి నాన్నగారూ. పొద్దున్న రొయ్యల సైటు 502 ఇచ్చింది, పెళ్ళి సైట్లో రేట్లొచ్చేయి. అప్‌గ్రేడ్ చేసి పోర్టు చూసుకోలేదు. అంతే కదండీ?"

"ఆయ్," అన్నాను.

ఆమె బావ వైపు తిరిగింది. "రొయ్యల వాసన లేని ఇంట్లో ఉండాలని నాకు చిన్నప్పట్నుంచీ ఉందండి."

రైతుగారు ఇద్దర్నీ చూసి, లోటాలో నీళ్ళు చెరువులోనే పారబోశారు.

వాళ్ళ పెళ్ళయింది. ఇప్పుడు సర్వర్ పాస్‌వర్డ్ ఆ చెల్లెమ్మ దగ్గరే ఉంది. కొత్త వెర్షన్ మాటెత్తితే పాత సెట్టింగుల ఫైలు ముందు చూపించమంటుంది. మలికిపురం వైపు నుంచి ఇప్పటికీ ఎవరో ఒకరు సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని బావని వెతుక్కుంటూ వస్తారు. ఆ కథ ఎవరు పుట్టించారో నాకూ తెలియదనే చెబుతుంటాను.