పిచ్చుకలో ముందే ఉండాల్సినవి

దేవసహాయం మాస్టారు పోయారని మొన్న పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను ఆయనకే మెసేజ్ కొడుతున్నాను. బ్రౌజర్ సంగతి ఏం చేద్దామని. ఆ మెసేజ్ ఇంకా సగంలోనే ఉంది. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఆ మాట నాకు ఇప్పటికీ పూర్తిగా లోపలికి దిగలేదు.

నరసరావుపేటలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారాయన. రిటైరయ్యాక, బొల్లాపల్లి వైపు ఒక బడిలో మూలపడ్డ పది పాత కంప్యూటర్లు చూసి, వాటిమీద నడిచే తేలికపాటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తయారుచేద్దామన్నారు. ‘పిచ్చుక’ అని పేరు కూడా ఆయనే పెట్టారు. బడి తెరిచేలోగా అవి నడవకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తామని హెడ్మాస్టరు ముందే చెప్పారు. నా పని జాబితా రాయడం: ఒక్కో పనికి ఒక్కటే సాఫ్ట్‌వేర్, అది ఎంత మెమరీ తింటుంది, ఎంతసేపటికి తెరుచుకుంటుంది. ఆయన పని ఆ జాబితా చదివించుకుని కళ్ళు మూసుకోవడం.

నిద్రపోయారనుకునేవాణ్ణి. ఫ్యాను కింద అలాగే ఉండి, ఎక్కడో దూరంనుంచి మాట్లాడుతున్నట్టు, "బడిలో ఒక పిల్ల స్విచ్ వేసింది. తెర నీలంగా వచ్చింది. ఇప్పుడు చెయ్యి ఎటు పోద్ది?" అని అడిగేవారు. ఎటూ పోలేదనిపిస్తే నేను పెట్టింది తీసెయ్యమనేవారు. నచ్చకపోతే వాళ్ళే మార్చుకుంటారు గదా అని ఒకసారి విసుక్కున్నాను.

"మార్చుకోవచ్చని తెలిసినోళ్ళకు మనతో పనేందిరా? తెలియనోళ్ళకు మనం ముందే ఏం పెడితే అదే కంప్యూటరు."

టైపు చేసుకునే ఎడిటర్ విషయంలో మాత్రం నేను పట్టుబట్టి అన్నిటికన్నా తేలికైనది పెట్టించాను. బడిలో వంటచేసే సువార్తమ్మ చూడ్డానికొస్తే మాస్టారు ఆమె పేరు కొట్టి చూపించారు. మ కింద ఒత్తు దిగలేదు. పొల్లుతో ఒక మ, దాని పక్కన ఇంకో మ విడివిడిగా నిలబడ్డాయి. "ఏంది మాస్టారూ, నా పేరు ఇరగ్గొట్టారు" అని ఆమె నవ్వింది. మర్నాటికి ఎడిటర్ మారింది. బరువెక్కువని నేను గొణిగితే, ఉండనీరా అన్నారు.

చివరికి బ్రౌజర్ ఒక్కటే మిగిలింది. తేలికైనదాంట్లో పరీక్షా ఫలితాల పేజీ తెరుచుకోదు. అన్నీ తెరిచేది పెడితే ఆ పాత మిషన్లకు ఊపిరాడదు. ఇంకేదో తీసి చోటు చెయ్యాలి. తీయడానికి ఇంకేం లేదురా అన్నారాయన. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు.

సమాధి కార్యక్రమం అయ్యాక వాళ్ళమ్మాయి ఆయన బైబిల్లో మడిచిపెట్టిన కాగితం నా చేతికిచ్చింది. నా జాబితానే. ఒక్కో వరుస పక్కన, అది ఎవరికోసమో పెన్సిల్‌తో రాసుకున్నారు. ఎడిటర్ పక్కన సువార్తమ్మ. బొమ్మలు గీసేదాని పక్కన ‘ఒకటో తరగతి’. అక్షరాలు పెద్దవిగా చూపేదాని పక్కన ‘చూపు ఆనని వాచ్‌మన్’. అట్టడుగున, తెర మూలలో మబ్బులు కదులుతూ వాతావరణం చూపించే బొమ్మ. అది నేను ముచ్చటపడి సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం. చానా మెమరీ తింటుంది. బడిలో ఎవరికీ దాంతో పనిలేదు. దాని పక్కన నా పేరు ఉంది.

అన్నీ తీయించిన మనిషి దాన్ని ఒక్కనాడూ తియ్యమనలేదు.

నిన్న నేనే తీసేశాను. పెద్ద బ్రౌజర్‌కు చోటు దొరికింది. పది మిషన్లలోనూ ఫలితాల పేజీ తెరుచుకుంది. మాస్టారూ, బడి తెరిచేనాటికి మీ పిచ్చుక సిద్ధంగా ఉంటుంది. మీకు నా నమస్సులు.

ఎవరికీ అక్కర్లేనిదాన్ని నాకోసం ఉండనిచ్చే మనిషి ఇక లేరు.