లోగోలో చెదిరిన నూలుపోగు

మా వీధి చివర ఎవరో దుకాణం షట్టరుకు రంగు వేయిస్తున్నారు. పొద్దున్నుంచీ ఒకటే ఎనామిల్ వాసన. తలుపులు మూసినా ఆగడం లేదు, నాకేమో కుదురు లేదు. పని వదిలేసి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఈ వాసన తగిలితే చాలు, సూర్యం గారు గుర్తొస్తారు. పటమటలో నా మొదటి ఉద్యోగం ఆయన దగ్గరే. దుకాణాల బోర్డులు రాసి బతికిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోతే, యాభై దాటాక కంప్యూటరు నేర్చుకుని వెబ్‌సైట్లు చేసే ఆఫీసు పెట్టారు. పాత రంగు డబ్బాలు మాత్రం పారేయలేక ఓ మూల పెట్టుకున్నారు.

అబ్బ, ఆయన మొండితనం! కస్టమరు పంపిన చిన్న లోగోను సాగదీసి సైటులో పెడితే ఒప్పుకునేవారు కాదు. "సాగదీస్తే అంచులు అలుక్కుపోతాయమ్మాయ్. కొత్త ఫోన్లలో తప్పు దాగదు. గీతలుగా మళ్ళీ గియ్యి, ఎంత పెంచినా చెదరదు," అనేవారు. గీసి చూపిస్తే తెరకు ముక్కు ఆనించి చూసి, "పదునుగా ఉందా?" అని తిరిగి నన్నే అడిగేవారు. నీటికాసులతో చూపు తగ్గిపోతోందని ఆఫీసులో నాకొక్కదానికే చెప్పారు. నలుగురికీ తెలిస్తే పని ఎవరిస్తారని ఆయన భయం.

ఒకసారి ఉయ్యూరు నుంచి చేనేత చీరల వ్యాపారి వచ్చారు. ఆయన కొట్టు గుర్తు మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె, దాని వెంట సన్నటి నూలుపోగు. బిల్లుబుక్కు మీది బొమ్మ తప్ప మరొకటి లేదు. మూడుసార్లు గీసినా ఆ పోగు వంపు కుదరలేదు. ఒళ్ళు మండి, బిల్లుబుక్కు ఫొటోనే సాగదీసి పెట్టేశాను. ఆఫీసులోని పాత తెర మీద పర్వాలేదనిపించింది. నా ఫోనులో చూస్తే పోగు బూజులా ఉంది.

"పదునుగా ఉందా?" అన్నారు సూర్యం గారు.

"నిక్షేపంలా ఉందండీ," అన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను.

మర్నాడు వ్యాపారి తన కొత్త ఫోను తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఏంటండీ ఇది? పోగు పీచులు రేగినట్టుంది. ఇది చూసి మా చీర ఎవరు కొంటారండీ? అసలు చూసే పెట్టారా?"

సూర్యం గారు ఫోను అందుకుని చాలాసేపు చూశారు. ఆయనకు ఏమీ కనిపించలేదని నాకు తెలుసు. తర్వాత నా వైపు తిరిగారు. నేను తెర వైపు తిరిగిపోయాను.

"తప్పు నాదేనండీ. నాకు చూపు సరిగా ఆనదు," అన్నారాయన.

ఇన్నాళ్ళూ దాచుకున్న మాట! వ్యాపారి ఫోను తీసుకుని వెళ్ళిపోయారు. ఆ కబురు బజారంతా పాకింది, మరో ఇద్దరు తమ పనులు వెనక్కి తీసుకున్నారు.

"నన్ను తిట్టి పంపించేయకుండా ఎందుకలా చెప్పారండీ?" అని ఏడ్చాను.

"నిన్ను పంపించేస్తే రేపు ఎవర్ని అడగను?" అంటూ ఇంకో లోగో నా ముందుకు జరిపారు. "ఇది చూడు. పదునుగా ఉందా?"

"లేదండీ," అన్నాను. ఆ సాయంత్రమంతా కూర్చుని అది మళ్ళీ గీశాను.

ఆయన పోయి చాలా కాలమైంది. నేనిప్పటికీ ఏ లోగో అయినా నాలుగు ఫోన్లలో చూడందే ఇవ్వను. బాగుందని కస్టమరు మెచ్చుకున్నాక కూడా వెళ్ళి మళ్ళీ చూసుకుంటాను. ఇంట్లోవాళ్ళు చాదస్తమంటారు. కాదు, సిగ్గు. నా కళ్ళను నమ్ముకున్న మనిషికి నేను అబద్ధం చెప్పాను. ఆ సిగ్గు నన్ను ఒక్కచోట కూర్చోనివ్వదు. అది పోవాలని కూడా నాకు లేదు.