ఐదో గడి

మొన్న హనుమకొండలో మా డాబా మీద సోలార్ పలకలు బిగించడానికి వచ్చినతను ఒక ఫారం చేతికిచ్చి, "లైనుకు కలపాల్నా, బ్యాటరీ పెట్టాల్నా? ఏదో ఒకదానికి టిక్ పెట్టుండ్రమ్మా" అన్నాడు. నేను పెన్ను పట్టుకుని ఆగిపోయాను. అర్థం కాలేదనుకుని అతను మొదటినుంచి మళ్లీ చెప్పసాగాడు. అర్థం కాక కాదు, మా పెద్దమ్మ ఇల్లు గుర్తొచ్చి.

కొన్నేళ్ల కిందట ధర్మసాగర్ దగ్గరి మా ఊళ్లో ఏ ఇంటికి కరెంటు ఎట్లా వస్తోందో రాయమని మా మహిళా సంఘానికి ఫారాలిచ్చారు. కరెంటు లేని ఇళ్లకు కొత్త మీటరు పెడతారట. గడులు నాలుగు: లైను కరెంటు, సోలార్, బ్యాటరీ, ఏదీ లేదు. పెద్దమ్మ ఇంటికొచ్చేసరికి నా పెన్ను కదల్లేదు. ఆమె భర్త పోయాక ఇల్లు పంచుకుంటే మీటరు మరిది వాటాకు పోయింది. అతని కిటికీలోంచి ఒక వైరు ఈమె గదిలోకి వచ్చేది. ఈమె కోడి అతని వాకిట్లో గీరిందంటే చాలు, ఆ పూట ప్లగ్గు పీకేసేవాడు. అందుకని మంచం కింద పాత ట్రాక్టరు బ్యాటరీ ఒకటి దాచుకుంది. దానితో బుగ్గ, అదే బల్బు, వెలిగేది కానీ, దమ్ము జబ్బుకు దవాఖానలో ఇచ్చిన ఆవిరి మిషను నడిచేది కాదు.

మా పని చూసే సారు, "బుగ్గ వెలుగుతాంది గదమ్మా, ఒకటో గడిల రాయి" అన్నాడు.

"వెలుగుతది బిడ్డా, మా మరిది మనసు మంచిగున్న దినం" అంది పెద్దమ్మ. నావైపు తిరిగి, "ఏదీ లేదని రాయరాదే" అని గొణిగింది.

అట్లా రాస్తే, చూడవచ్చినవాళ్లు బుగ్గను చూసి పేరు కొట్టేస్తారు. పైగా నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో అబద్ధం రాయబుద్ధి కాలేదు. స్కేలు తెచ్చి ఐదో గడి గీశాను. 'పక్కింటివాళ్లు ఇస్తే ఉంటుంది' అని రాశాను. సారు ఆ కాగితం తీసుకోనన్నాడు. బస్సెక్కి నేనే హనుమకొండ ఆఫీసుకు పోయాను. రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి పెద్ద సారు పిలిచాడు.

"ఫారంల లేని గడి ఎట్ల గీసినవమ్మా?"

"స్కేలు పెట్టి గీసిన సార్. ఊళ్లె ఉన్న ఇల్లు ఫారంల లేకపోతే నేనేం చెయ్యాలె?"

ఆయన నవ్వలేదు. వారం తిరక్కముందే స్వయంగా వచ్చాడు. ఆ రోజు కోడి తన పని తాను చేసినట్టుంది, వైరులో కరెంటు లేదు. పెద్దమ్మ మిషను ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని ఎగశ్వాస తీస్తోంది. మరిది పరుగెత్తుకొచ్చి, "ఇస్తనే ఉంట సార్, ఇయ్యాల జర మర్సిపోయిన" అంటూ ప్లగ్గు పెట్టాడు. మిషను చప్పుడు మొదలై ఆమె ఊపిరి కుదుటపడేదాకా సారు గడపలోనే నిలబడ్డాడు. తర్వాత నా కాగితం మీద, నేను గీసిన గడిలోనే సంతకం పెట్టాడు.

వానలు వెనకబట్టాక పెద్దమ్మ గోడకు మీటరు బిగించారు. ఆ వేళ ఆమె పట్టపగలు బుగ్గ వేసుకుని, దాని కింద తీరిగ్గా బియ్యం ఏరింది. ఆ తర్వాత దినాలు ఎట్లా గడిచాయో తనకే తెలియలేదనేది. ఇంకొకరి చేతిలోని స్విచ్చు కోసం ఎదురుచూసే మనిషికి ఒక గంట ఎంత పొడుగో, ఏ గడియారమూ చెప్పలేదు.