గోడ నుంచి గోడకి బొంత

ఇరవై రెండేళ్లుగా మూరక్క మధ్యాహ్నం భోజనం కాగానే తన కుట్టుమిషన్ కిందే నడుం వాలుస్తూ వచ్చింది. చొక్కాలు కుట్టే ఆ హాల్లో నలభై మంది ఆడవాళ్లున్నారు. పడుకోవడానికి వాళ్లకు వేరే చోటు లేదు. అట్టముక్క పరుచుకుని, మోకాళ్లు ముడుచుకుని, నెత్తికి మోటారు తగలకుండా అరగంట కన్ను మూయాలి. ఎన్నిసార్లు నడుం పట్టేసినా ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఉన్న మిషన్ కూడా పోతుందని భయం. టేపుని నమ్మదు, ఏదైనా మోచేత్తోనే కొలుస్తుంది కాబట్టి మూరక్క. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదు.

చెల్లెలి కూతురికి పాప పుట్టింది. కత్తిరింపు బల్ల కింద పారేసే ముక్కలు ఏరుకుని, ఊయలకు సరిపడేలా రెండు మూరల బొంత మొదలుపెట్టింది. ఆమె నేర్చుకున్న పద్ధతిలో ముందు అంచు కుట్టేస్తారు. తర్వాత చుట్టూ తిరుగుతూ కుట్టు లోపలికి వస్తుంది. అంటే మొదటి రోజే కొలత ఖాయమైపోయినట్టు.

సగం కుట్టు లోపలికి వచ్చాక, ఒక మంగళవారం మధ్యాహ్నం, ముడతలు చూద్దామని దాన్ని నేలమీద పరిచింది. ఇస్త్రీ బల్ల దగ్గర పొద్దుటి నుంచి నిలబడే పిల్లకి అప్పుడు ఏడో నెల. ఆ కడుపుతో మిషన్ కింద దూరలేదు. నీళ్లకి వెళ్తూ కళ్లు తిరిగి బొంత మీద కూర్చుంది, కూర్చున్నది అలాగే ఒరిగి నిద్రపోయింది. మోకాళ్ల కింది నుంచి కాళ్లు సిమెంటు నేలమీదే ఉన్నాయి. మూరక్క ఉబ్బిపోయిన ఆ పాదాలను చూస్తూ నిలబడింది. తన నడుం కోసం ఇన్నేళ్లూ పెగలని నోరు అప్పుడు పెగిలింది.

తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లి, హాలు పక్కన ఖాళీగా ఉన్న గది ఇమ్మని అడిగింది. సోమవారం అందులోకి అట్టపెట్టెలు వస్తున్నాయన్నాడు. అయినా ఆ వట్టి నేల మీద ఎవరు పడుకుంటారని నవ్వాడు.

ఆమె తిరిగొచ్చి గదిని కొలిచింది. ఏడు మూరలు పొడవు, ఆరు వెడల్పు.

“బొంత పెద్దది చేస్తున్నా,” అంది.

గుండీలు కుట్టే ఆమె నోరు ఊరుకోదు. “ఎంత పెద్దదేంటి, ఇంటికి మూతా?”

“ఆ గదంత.”

“నీకేమన్నా పిచ్చా అక్కా? అంచు కుట్టేశావు. ఇంకెటు పెరుగుద్ది?”

“బయటికి.”

బయటికి కుట్టడం ఆమె ఎన్నడూ ఎరగదు. చిన్న బొంతకు నాలుగు వైపులా ముక్కలు అతికి, సూదిని అంచు నుంచి అవతలికి తిప్పింది. లోపలికి కుట్టేటప్పుడు నడిమధ్యలో ఉబ్బి ప్రాణం తీసే ముడతలు, ఇప్పుడు వాటంతట అవే అంచు దాటిపోతున్నాయి. ఇంకో సంగతి చూసి ఆమెకు ఒళ్లు పులకరించింది. లోపలికి పోయే కొద్దీ ఒక్క సూదికే చోటుంటుంది. బయటికి పోతుంటే నాలుగు వైపులా నలుగురు కూర్చోవచ్చు. బుధవారం నలుగురు, గురువారం ఎనిమిది మంది, శుక్రవారం చోటు కోసం తోపులాట. ఇన్నేళ్లూ ఒంటరిగా కుట్టానే అని తనలో తను నవ్వుకుంది. పాప పేరు చెప్పి లోకానికంతా కుడుతున్నావా అని చెల్లెలు ఫోన్లో నిష్ఠూరమాడితే, పాపకి ఇంకోటి కుడతాలేవే అని పెట్టేసింది.

శనివారం ఆ ఖాళీ గదిలో పరిచారు. గోడ నుంచి గోడకి అచ్చంగా సరిపోయింది, తలుపు మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు. తలుపు లోపలికి తెరుచుకుంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మందపాటి బొంతకు తగిలి జానెడు సందు ఇచ్చి ఆగిపోయింది. మూల కోసేద్దామన్నారు. కత్తెర పెట్టబోయిన మూరక్క చెయ్యి ఆగింది.

“ఉండనీండి. మనం పక్కకి తిరిగి పోదాం. అట్టపెట్టె తిరగలేదుగా.”

ఇస్త్రీ పిల్ల ఆ కడుపుతో సందులో పట్టదు కాబట్టి లోపలున్నవాళ్లు మూల మడిచి, ఆమె రాగానే మళ్లీ పరిచారు.

సోమవారం భోజనాల వేళ మేనేజరు పెట్టెలతో వచ్చాడు. తలుపు తోశాడు, భుజంతో నెట్టాడు, చివరికి తల ఒక్కటే లోపలికొచ్చింది. ఆరుగురు పడుకుని ఉన్నారు. మధ్యలో ఇస్త్రీ పిల్ల, కాళ్లు బారజాపుకుని.

“ముందు దీన్ని తీయండి,” అన్నాడు.

మూరక్క లేవలేదు. “బొంత తీయాలంటే మీదున్నవాళ్లు లేవాలి సార్. ఈ పిల్లని మీరే లేపండి.”

అతని వెనక మిషన్ల కింద నుంచి ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. అతను ఇస్త్రీ పిల్ల వైపు చూశాడు, వెనక్కి చూశాడు. పెట్టెలు మెట్ల కింద పెట్టమని కూలీలకు చెప్పి వెళ్లిపోయాడు.

ఆ గది ఇప్పటికీ వాళ్లదే, కానీ ఉత్త నోటిమాట మీద. ఇంకో మేనేజరు వస్తే ఏమవుతుందో తెలియదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ దగ్గర్లో కుట్టు హాలో, దుకాణమో, ఆస్పత్రో ఉంటే లోపలికి వెళ్లండి. అక్కడ పనిచేసే ఆడవాళ్లు మధ్యాహ్నం ఎక్కడ నడుం వాలుస్తారో కనుక్కోండి. చోటు లేదంటే ఇమ్మనండి, ఇచ్చామంటే కాగితం మీద రాసి గోడకి అంటించమనండి. వినకపోతే మర్నాడు మరో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి, మళ్లీ అడగండి.