ఎడంచెయ్యి టీచర్

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ఎడంచెయ్యి టీచర్. ఆ బడిలో ఆటలు నేర్పిన ఇరవై రెండేళ్లూ ఆమెది ఒకటే పట్టు. బంతి ముట్టుకున్న ప్రతి పిల్లా కుడిచెయ్యి వీపు వెనక దాచుకుని, ముందు ఎడమచేత్తో బంతిని నేలకు కొడుతూ నడవడం నేర్చుకోవాల్సిందే. ఏడ్చినా మొత్తుకున్నా వినేది కాదు.

"వాటం లేని చేతికే ముందు నేర్పాలి. వాటం ఉన్న చెయ్యి ఎక్కడికీ పోదు" అనేది.

ఆమె చెవులు పాము చెవులు. గోడవైపు తిరిగి నిలబడి కూడా ఎవరు వేళ్లతో బంతిని నొక్కుతున్నారో, ఎవరు అరచేత్తో బాదుతున్నారో చెప్పేసేది. అరచెయ్యి తగిలితే చప్‌మంటుంది మరి. "ఎవర్రా అది, బంతి చెంపలు వాయిస్తున్నది? అదేం తప్పు చేసిందిరా పాపం!" అంటే వరసంతా ఘొల్లుమనేది.

పోయిన ఎండాకాలం స్నానాలగదిలో కుప్పకూలింది. పక్షవాతం. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మాట తిరిగొచ్చింది, కాలు కుంటుతూనైనా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఎక్కడికీ పోదన్న చెయ్యే పోయింది.

ఆమె భర్త టైలరు. బడికి మళ్లీ వెళ్లే రోజు పొద్దున్నే ఆమె జాకెట్టుకు హుక్కులు పెడుతూ ధైర్యం చెప్పాడు.

"దిగులెందుకే? నీ ఆటకి కావాల్సింది ఒక్క చెయ్యే కదా. అదీ ఎడమదేనాయె!"

ఆమెకు నవ్వు రాలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతి ఒకటుంది. ఆమెకు ఎడమచేత్తో బంతి కొట్టడం రాదు. ఎప్పుడూ రాలేదు. పిల్లలకు ఎదురుగా నిలబడితే ఆమె కుడిచెయ్యి వాళ్ల ఎడమచేతి వైపే ఉంటుంది కదా! వాళ్లు అద్దంలో చూసినట్టు చూసి నేర్చేసుకున్నారు. ఇన్నేళ్లూ కుడిచేత్తోనే చూపించిందని ఒక్కరూ కనిపెట్టలేదు. నేర్చుకుందాంలే, తొందరేముంది అని ఆమే బద్ధకించింది.

హెడ్మిస్ట్రెస్ చెడ్డమనిషి కాదు. "చేసి చూపించలేనివాళ్లు ఎలా నేర్పుతారని పైవాళ్లు అడుగుతున్నారు టీచర్. పదిహేను రోజులు తీసుకోండి. ఆరో తరగతి ముందు వరసగా పెట్టిన ఎనిమిది కోన్ల మధ్య నుంచి బంతి కొట్టుకుంటూ వెళ్లండి, చాలు. మీకదెంత, ఎడమచెయ్యి మీ సొంత విద్య కదా!" అంది.

భర్త దుకాణానికి వెళ్లగానే తలుపేసుకుని సాధన మొదలుపెట్టేది. బంతి మంచం కిందికి దూరేది. చీపురుతో లాక్కునేది. మళ్లీ కొట్టేది. చప్, చప్, చప్. ఆ చప్పుడు తన చేతిదేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయేది.

ఆ రోజు రానే వచ్చింది. రెండు కోన్లు దాటింది. మూడోదాని దగ్గర బంతి కాలికి తగిలి దొర్లిపోయింది. ముందు వరసలోని రెండుజడల పిల్ల పరుగెత్తి బంతి తెచ్చిచ్చింది. ఎవరికీ వినబడకుండా గుసగుసలాడింది.

"వేళ్లతో, టీచర్. అరచెయ్యి తగలనివ్వకండి. వాటం లేని చెయ్యి కదా, కొత్తలో అంతే."

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకు. హెడ్మిస్ట్రెస్ తల ఎత్తలేదు.

ఇప్పుడామె ఆటసామాన్ల గదిలో కూర్చుంటుంది. బంతులకు గాలి సరిపోయిందో లేదో చూసి ఇవ్వడం ఆమె పని. కొత్త మాస్టారు ఓపికమంతుడు, చక్కగా నేర్పుతాడు. పిల్లలందరూ హాయిగా కుడిచేత్తో కొడుతున్నారని ఆమెకు కిటికీలోంచి చూడకుండానే తెలుస్తుంది. ఆ చప్పుడులో తడబాటే లేదు.

ఒకరోజు ఆ చప్పుడు మధ్యలో వేరేది వినబడింది. చప్. కాసేపాగి మళ్లీ చప్. ఆమె కుర్చీ పట్టుకుని లేచి, కాలీడ్చుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది. రెండుజడల పిల్ల. కుడిచెయ్యి వీపు వెనక ఉంది.

"ఏమ్మా, ఆ చెయ్యెందుకు దాచుకున్నావ్?" అని మాస్టారు నవ్వుతూ అడిగాడు.

"మా టీచరు అలాగే కొట్టేవారండీ."

"అలా కాదు. చక్కగా ఈ చేత్తో కొట్టు."

కాదు, దాన్ని అలాగే కొట్టనీ అని అరవబోయింది ఆమె. ఆ చేత్తో నేనెప్పుడు కొట్టానే తల్లీ అనుకుంది. బయట ఆ చప్పుడు ఆగిపోయింది.