రెండుసార్లు తిరగేసిన బైట్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలివి ఎంతుండేదో చెప్పలేను కానీ అసూయ మాత్రం దండిగా ఉండేది. గుంటూరులో మిర్చి యార్డుకి దగ్గర్లో (సీజన్లో ముందు అందరి తుమ్ములూ అయితేగానీ మీటింగు మొదలయ్యేది కాదు) మాదో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఒకే రోజు చేరిన మా ఇద్దరమ్మాయిల్నీ మా మేనేజర్ సార్ ఊరి పేర్లతోనే పిలిచేవారు. నేను మార్టూరు, తను దర్శి. దర్శి చప్పుడు లేకుండా టైపు చేసేది, సార్ ఏ పని గురించి అడిగినా మెల్లగా "అయిపోయిందండీ" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇద్దరిదీ ఒకే హాస్టల్. తన జడ నా జడ కంటే లావుగా ఉండటం కూడా నన్ను ఏడిపించడానికేనని నా నమ్మకం.

ఒకసారి ఇద్దరికీ కలిపి ఒకే పని ఇచ్చారు. నిజమైన నెట్‌వర్క్ కార్డు కాదు, కంప్యూటర్ లోపల కార్డులా నటించే ప్రోగ్రాం. దాన్ని నడిపే డ్రైవర్ అనే ఇంకో ప్రోగ్రాంని బాగుచెయ్యాలి. మేం పన్నెండు, ముప్ఫై నాలుగు అని పంపితే అది ముప్ఫై నాలుగు, పన్నెండు అని చదువుకునేది. బైట్ల, అంటే ఆ అంకెల, వరస తిరగబడిందన్నమాట. ఏం పంపినా జవాబు వచ్చేది కాదు. "ఎవరు సరిచేస్తే వాళ్లే శుక్రవారం క్లయింటుకి చూపించండి," అన్నారు సార్.

నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి, గురువారం మధ్యాహ్నానికి, సందేశం తయారుచేసేచోటే బైట్లను తిరగేసే ఒక్క లైను రాశాను. నా కంప్యూటర్లో జవాబు వచ్చేసింది. ఆ లైనుని అందరి కోడూ కలిసేచోట పెట్టి, సార్‌కి చెప్పేశాను. దర్శికి మాత్రం చెప్పలేదు. హాస్టల్లో తను పక్కనే కూర్చుని తింటున్నా నోరు విప్పలేదు.

శుక్రవారం క్లయింటు ముందు ఠీవిగా కూర్చుని బటన్ నొక్కాను. జవాబు రాలేదు. మళ్లీ నొక్కాను, ఊహూఁ.

"నిన్న పనిచేసిందండీ," అన్నాను.

"నా కంప్యూటర్లో నాకూ పనిచేసింది," అంది దర్శి వెనక నుంచి.

"నువ్వేం ముట్టుకున్నావే?"

"కార్డుకి అందించేచోట బైట్లు తిరగేశాను. నిన్న సాయంత్రం కలిపాను."

"నేను అంతకుముందే తిరగేశాను కదా!"

నేనోసారి, తనోసారి తిప్పేసరికి అంకెలు చక్కగా మొదటికొచ్చాయి. క్లయింటు నవ్వాపుకోలేకపోయారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను గుసగుసగా.

"చెబితే నువ్వే ముందు సార్ దగ్గరికి పరిగెత్తుతావని," అంది తనూ గుసగుసగానే. (తనకీ కుళ్లుందని తెలిసి, నిజం చెప్పొద్దూ, ప్రాణం కాస్త కుదుటపడింది.) తర్వాత నా భుజం మీదుగా వంగి, తన లైను తనే తీసేసి, "ఇప్పుడు నొక్కు," అంది. జవాబు వచ్చింది.

"ఎవరు సరిచేశారమ్మా?" అని క్లయింటు అడిగితే, "మార్టూరండీ," అంది దర్శి. "ఇద్దరం" అనబోయాను. నోట్లోంచి "థాంక్యూ సార్" అని వచ్చింది.

ఏళ్ల తర్వాత మొన్న ఫోన్లో దర్శి దగ్గర ఆ సంగతి ఎత్తి, క్షమించమన్నాను. "పోనీలేవే," అని, "కానీ నా లైనే బాగుండేది. ఒక్కచోట తిప్పితే అన్ని సందేశాలకీ సరిపోయేది," అంది. ఫోన్ పెట్టేసి ఆలోచిస్తే అదీ నిజమే. ఇంత వయసొచ్చాక కూడా, నవ్వుకుంటూనే, ఇంకాస్త కుళ్లుకున్నాను.