చిన్నమ్మ తీసే పిడికెడు బియ్యం

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, రూతు చిన్నమ్మ ఇగ లేదక్కా" అన్నాడు.

"సరే" అన్నాను. ఫోన్ పెట్టేశాను. గ్యాస్ మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

హార్ట్ ఎటాక్ అంట. నిద్రలోనే.

కరీంనగర్‌లో బస్సెక్కింది గుర్తుంది. లక్సెట్టిపేటలో దిగింది గుర్తుంది. మధ్యలో ఏమీ గుర్తులేదు.

సాయంత్రం సమాధి చేశాం. నాకు ఏడుపు రాలేదు. ఎందుకో అర్థం కాలేదు. ఆమె ఫోటో స్టేటస్‌లో పెట్టి, కింద ఏం రాయాలో తోచక ఊరుకున్నాను.

అందుకే ఈ పోస్ట్.

ఇంటర్ చదివినప్పుడు మా అమ్మ చెల్లెలు, ఈ రూతు చిన్నమ్మ ఇంట్లోనే ఉన్నాను. అన్నం వండే ముందు ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చిలో కానుక. మన క్రైస్తవుల ఇళ్లల్లో చాలామంది చేసేదే.

కానీ చిన్నమ్మ వేస్తూ ఏదో గొణిగేది.

"లెక్కపెడుతున్నవా చిన్నమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"లెక్క కాదే, పేరు చెప్తున్న. గీ పిడికెడు ఇయ్యాల నీ పేరు మీద. పరీక్ష ఉందన్నవ్ గదా!"

రోజుకో పేరు. మేం ఖాలా అని పిలిచే పక్కింటావిడ మోకాళ్ల నొప్పికి ఒకరోజు. చిన్నమ్మ భర్త, మా చిన్నబాపు, లారీ లోడుతో నాగ్‌పూర్ పోయిన రోజుల్లో మాత్రం ఆయన పేరు తప్ప ఇంకో పేరే ఉండేది కాదు.

చిన్నబాపు క్రిస్మస్‌కి తప్ప చర్చి మొహం చూడడు. పైగా ఏడిపించేవాడు.

"నా పేరు జెప్పి నాకే బువ్వ తక్కువ జేస్తున్నది సూడు బిడ్డా!"

ఇంకో నిజం కూడా చెప్పాలి. చిన్నమ్మ చర్చిలో నిద్రపోయేది. మైకులో ఆరాధన పాటలు మోగిపోతున్నా సరే! మోచేత్తో పొడిచి లేపడం నా డ్యూటీ.

ఒకసారి ఇంటికొస్తూ అనేశాను. "గిదేం ఆరాధన చిన్నమ్మా, అంతా గురకనే గదా?"

కోపం వస్తుందనుకున్నా. నవ్వింది.

"ఆదివారం కన్ను మూతపడితే పడనీయే. రోజూ పొయ్యి కాడ మెలకువతోనే ఉంటున్న గద. పైనున్న ఆయనకు ఎర్కే."

ఈ రోజు పొద్దున చుట్టాలకు అన్నం వండే పని నామీద పడింది.

బియ్యం కొలిచాను. చెయ్యి దానంతటదే పిడికెడు తీసింది. "చిన్నమ్మ..." అనబోయి ఆగిపోయాను.

చనిపోయినవాళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం. ఆమెకు ఇక మన ప్రార్థన అక్కర్లేదు.

మరి ఎవరి పేరు?

పిడికిలి అలాగే పట్టుకుని నిలబడ్డాను.

చిన్నబాపు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. నిన్నటి నుంచి ఒక్క ముద్ద ముట్టలేదు. నా చేతినే చూస్తున్నాడు.

"ఎవలి పేరు మీద బిడ్డా?"

ఇన్నేళ్లూ పొయ్యి దగ్గర ఆయన పేరు చెప్పిన మనిషి లేదు కదా ఇప్పుడు.

"నీ పేరు మీదనే చిన్నబాపూ" అన్నాను. డబ్బాలో వేశాను.

ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.

"జర ఎక్కువ తియ్యి" అన్నాడు.

ఇంకో పిడికెడు తీశాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

చిన్నమ్మా, ఆదివారం నీ డబ్బా నేను తీసుకుపోతా. నిన్ను ఇక ఎవరూ మోచేత్తో పొడవరు. ప్రభువు దగ్గర హాయిగా పడుకో.